తాబేలు నుంచి బ్రౌజరు దాకా

మొన్న సెలవులకి మా పిన్ని కొడుకు వచ్చాడు. ఇంజనీరింగు మొదటి సంవత్సరం. "అన్నయ్యా, ప్రోగ్రామింగు నా వల్ల కాదు, బ్రాంచి మారిపోతా" అన్నాడు. ఇంతకీ ఏం నేర్పార్రా అంటే ఫిబొనాచి, ప్రైమ్ నంబర్లు, అవి రికార్డులో ఎక్కించడం! నా మొదటి సంవత్సరమూ అచ్చం అలాగే గడిచింది లెండి.

నిజానికి ఆటలతో ప్రోగ్రామింగు నేర్పాలన్నది కొత్త ఆలోచనేం కాదు. 1967లో అమెరికాలో వాలీ ఫర్జిగ్, సేమూర్ పాపర్ట్, సింథియా సోలమన్ కలిసి పిల్లల కోసం లోగో భాష తయారు చేశారు. తర్వాత అందులోకి తాబేలు వచ్చింది. "ముందుకు 100, కుడికి 90" అని నాలుగుసార్లు చెప్తే చతురస్రం గీసేస్తుంది. తప్పు చెప్తే గీత పక్కకి పోతుంది, పొరపాటెక్కడో కంటికే కనిపిస్తుంది. 1980లో వచ్చిన 'మైండ్‌స్టార్మ్స్' పుస్తకంలో పాపర్ట్ చెప్పిందీ ఇదే: తప్పంటే మార్కులు పోవడం కాదు, వెతికి సరిచేసుకోవాల్సిన బగ్గు, అంతే.

1995 మేలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో జావాస్క్రిప్టు మొదటి రూపం రాశాడు. ఆ తొందరకి గుర్తులు భాషలో ఇంకా ఉన్నాయి, మనం రోజూ తిట్టుకునేవి అవే. కానీ ఒక మేలు జరిగింది. కంపైలరు అక్కర్లేదు, నోట్‌ప్యాడూ బ్రౌజరూ ఉంటే చాలు. దాంతో ఆటల పాఠాలు మెల్లగా ఇటే వచ్చేశాయి. 2001లో జావా మీద మొదలైన ప్రాసెసింగ్ ఆలోచనని 2013లో లారెన్ మెకార్తీ పీ5 జేఎస్ పేరుతో బ్రౌజర్లోకి తెచ్చారు. ఫ్లాష్ మీద నడిచిన స్క్రాచ్, 2019 జనవరిలో జావాస్క్రిప్టుకి మారింది. 2020 చివర్లో ఫ్లాష్ మూతపడినా దానికేం కాలేదు.

సరే, మావాడి చేత రికార్డు మూయించి, కాన్వాస్ మీద ఓ బంతి గీయించి కదిలించమన్నాను. బంతి తెర దాటి మాయమైపోయింది. "ఎక్కడికి పోయిందిది?" అనుకుంటూ వాడే ఇఫ్ రాశాడు: అంచు తగిలితే వేగానికి ముందున్న గుర్తు మార్చు. బంతి వెనక్కొచ్చింది. రాత్రి పన్నెండైనా లేవలేదు.

ఆటలతోనే అంతా వచ్చేస్తుందని నేననను. డేటా స్ట్రక్చర్లు కూర్చుని చదవాల్సిందే. కాకపోతే ఇఫ్ ఎందుకో తెలిశాక ఫిబొనాచి చెప్తే వింటారు. ముందే చెప్తే బ్రాంచి మారతామంటారు. ఏమంటారు?