అతుకుల బొంతలో పువ్వు

మన విమర్శలో ఒక మాట చాలా తేలిగ్గా దొర్లుతుంటుంది. నవల నిర్మాణం కుదరకపోతే 'అతుకుల బొంత' అంటాం. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే పత్రికలూ అదే మాట వాడతాయి. ముందుచూపు లేకుండా, దొరికింది దొరికినట్టు అతికించినది అని దాని అర్థం. బొంత కుట్టడం తెలిసిన స్త్రీ ఎవరూ ఈ అర్థాన్ని పుట్టించి ఉండరు.

నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో పాత ఇళ్లలో ఇప్పటికీ దండెం మీదో, నులకమంచం మీదో బొంత కనిపిస్తుంది. పాత నూలు చీరలు రెండు మూడు పొరలుగా పరిచి, పైన ముక్కలు పేర్చి, సూదిని పైకీ కిందికీ గుచ్చుతూ అంచు నుంచి అంచుకి కుట్టుకుంటూ పోతారు. కొన్నిటిలో మధ్యన పువ్వులుంటాయి. చాలా సులువైన పువ్వు. తొమ్మిది చదరపు ముక్కలు మూడేసి చొప్పున మూడు వరసలు. నడుమ ముక్క ఒక రంగు. దానికి నాలుగు వైపులా ఉన్న ముక్కలు మరో రంగు, అవి రేకులు. నాలుగు మూలలూ వెలిసిన లేత రంగు. దూరం నుంచి చూస్తే నాలుగు రేకుల పువ్వు విచ్చుకున్నట్టుంటుంది.

సులువుగా కనిపించే ఈ పువ్వు వెనక లెక్క ఉంది. రేకులకి ఒకే గుడ్డ నుంచి నాలుగు ముక్కలు కావాలి. రవిక చంకల్లో చెమటకి ముందు చివికిపోతుంది, వీపు భాగం గట్టిగా మిగులుతుంది. చీర కూర్చునే చోట పలచబడుతుంది, పైట చెంగు నిలుస్తుంది. ఏ బట్టలో ఏ భాగం ఇంకా సూదిని ఆపగలదో తెలిసి, దాన్ని విడిగా కత్తిరించి, సరిపడా ముక్కలు పోగయ్యేదాకా మూటలో దాచి ఉంచితేనే పువ్వు వస్తుంది. చలి ఆగడానికి పువ్వు అక్కర్లేదు. ఎలా అతికించినా బొంత వెచ్చగానే ఉంటుంది. అవసరం అడగని పని ఒకటి, తీరిక లేని జీవితంలోంచి సమయం తీసి చేసిందంటే అది ఆమె నిర్ణయం. రచనలో మనం కర్తృత్వం అని పిలిచేది దీన్నే కదా!

ఈ కర్తృత్వం ఎక్కడా నమోదు కాలేదు. పత్తి చరిత్ర మాత్రం కావలసినంత ఉంది. కుందూ లోయ నల్లరేగడిలో పండిన పత్తికి వలస పాలన కాలపు వ్యాపారంలో 'నార్తర్న్స్' అని ప్రత్యేకమైన పేరుండేది. నంద్యాలలో వ్యవసాయ పరిశోధనా కేంద్రం 1906లోనే మొదలైంది. గింజ నుంచి బేలు దాకా పత్తిని కొలిచారు, తూచారు, రాసిపెట్టారు. అది బట్టయి, ఒంటి మీద చిరిగి, బొంతగా మారే చోట రాత ఆగిపోతుంది. చేనులో పత్తి ఏరినవీ, చివరికి బొంత కుట్టినవీ ఆడవాళ్ల చేతులే. మధ్యలో నడిచిన వ్యాపారానికే చరిత్ర ఉంది. 1876-78 కరువును మధ్యలో పెట్టుకున్న 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా దాదాపు నాలుగో వంతు జనాన్ని పోగొట్టుకుంది. అలాంటి నేల మీద పేలికని దాచుకోవడం పొదుపనే సుగుణం కాదు, బతుకు నేర్పిన లెక్క.

సాహిత్యంలోకి బొంత వచ్చింది, కానీ కుట్టిన వాళ్లతో రాలేదు. భర్తృహరి వైరాగ్య శతకంలో కంథ విరాగి ఒంటి మీద ఉంటుంది. అక్కడ చిరుగులు అతను వదులుకున్న ప్రపంచానికి గుర్తు. కన్నడ శరణుల కథల్లో బొంతాదేవి ఉంది. రాజకుమారిగా పుట్టి అన్నీ విడిచి వచ్చిన ఆమెకు కప్పుకున్న బొంతే పేరైంది. వీళ్లంతా పేదరికాన్ని ఎంచుకున్నవాళ్లు. ఎంచుకునే వీల్లేనివాళ్ల బొంతకి కావ్యంలో చోటు దొరకలేదు.

ఆళ్లగడ్డలోనే మరో కళ ఉంది. అక్కడి శిల్పుల చేతిలో రాయి దేవుడవుతుంది, నాయకుడవుతుంది. శిల్పికి పేరుంది, వంశం ఉంది, గురువున్నాడు. రాయి నిలుస్తుంది. బొంత అరుగుతుంది, ఉతుకుల్లో పలచనవుతుంది, చివరికి మరో బొంతకి లోపలి పొరగా మారుతుంది. తనను తానే చెరుపుకుంటూ పోయే కళ కాబట్టి దాని చరిత్ర మ్యూజియంలో వెతికితే దొరకదు, అడిగితేనే దొరుకుతుంది.

అడిగినచోట దొరికింది కూడా. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే నల్లజాతి పల్లె ఉంది. 1942లో అక్కడ మిస్సౌరీ పెట్‌వే, చనిపోయిన భర్త పనిబట్టలు విప్పి బొంత కుట్టుకుంది. ఆ సంగతి మనకు తెలిసింది కూతురు చెప్పబట్టే, ఆమెను ఎవరో అడగబట్టే. 2002లో ఆ పల్లె బొంతలు న్యూయార్క్ విట్నీ మ్యూజియం గోడలకెక్కాయి. మనకి దగ్గర్లో, ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ స్త్రీలు తమ బొంత మూలల్లో మడిచిన గుడ్డముక్కలు పొరలు పొరలుగా కుడతారు. వాటిని 'ఫూల' అంటారు, అంటే పువ్వులు. అవి లేకపోతే బొంత దిగంబరంగా ఉన్నట్టేనని వాళ్ల భావన. పువ్వు అలంకారం కాదని, అది ఉంటేనే పని పూర్తయినట్టని ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

అయితే బొంతని స్త్రీల ఐక్యతకి ప్రతీకగా మార్చి మురిసిపోయే ముందు ఆగాలి. అందులో గుడ్డ ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి. పెద్దిళ్లలో పని చేసే స్త్రీకి కూలితో పాటు పాతచీర ఇవ్వడం మన పల్లెల్లో దయగా చెలామణి అయింది. ఒకే బొంతలో ఇచ్చిన కులం, పుచ్చుకున్న కులం పక్కపక్కనే కుట్టబడి ఉంటాయి. జీస్ బెండ్ స్త్రీల 'పెట్‌వే' కూడా ఒకప్పటి తోట యజమాని ఇంటిపేరే. అతుకు కలుపుతుంది, ఎక్కడ తెగిందో కూడా చూపిస్తుంది.

పాలిస్టర్ చీరలొచ్చాక బొంత తగ్గింది. ఆ గుడ్డ జారిపోతుంది, చెమట పీల్చదు. మిల్లు దుప్పటి చవగ్గా దొరుకుతోంది. మరోవైపు నగరాల్లో అతుకుల పని ఖరీదైన ఫ్యాషనైంది, చీటీ మీద దుకాణం పేరుంటుంది, కుట్టినామె పేరుండదు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ పోరాట స్త్రీలని అడిగి విని రాసిన పుస్తకం. ఆ పద్ధతి మన చేతిలోనే ఉంది. ఇంట్లో బొంత ఉన్న ప్రతివాళ్లూ ఎవరు కుట్టారో, ఏ ఏడాదో, ఏ ముక్క ఎవరి చీరదో, ఎవరిచ్చారో అడిగి రాసిపెట్టాలి. చెప్పగలిగినవాళ్లు ఉండగానే రాయాలి. ఈలోగా ఎవరి నవలనైనా 'అతుకుల బొంత' అని తీసిపారేసే ముందు, ఆ తొమ్మిది ముక్కలు పేర్చడానికి ఎంత ఆలోచన పట్టిందో ఒకసారి గుర్తుచేసుకుందాం.