పదార్థ స్థితులు: కణచలన భావన చరిత్ర

పదార్థం ఘన, ద్రవ, వాయు రూపాల్లో ఉండటానికి కారణం దాని కణాల కదలిక, వాటి మధ్య ఆకర్షణ. ఘనంలో కణాలు తమ చోటు వదలకుండా కంపిస్తాయి. ద్రవంలో ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉంటూనే చోట్లు మారుతుంటాయి. వాయువులో ఆ పట్టు దాదాపు ఉండదు, దొరికినంత జాగా అంతా ఆక్రమిస్తాయి. చిత్తూరు ప్రాంతపు బెల్లం గానుగల దగ్గర పదార్థం స్థితి మారడాన్ని కళ్లారా చూడవచ్చు. చెరకు రసంలో నీరు ఆవిరైపోయేకొద్దీ చక్కెర పాలు పెరిగి, మిగిలిన నీటి అణువులు తప్పించుకోవడం కష్టమవుతుంది. అందుకే పాకం మరిగే వేడి పెరుగుతూ పోతుంది. చల్లటి నీళ్లలో ఒక చుక్క వేసి, ఉండ కట్టిందని తేలాక, సుమారు 118 డిగ్రీల సెల్సియస్ దగ్గర దించి అచ్చుల్లో పోస్తారు.

కణాద మహర్షి, గ్రీసులో డెమోక్రిటస్ పరమాణు భావనను ప్రతిపాదించారు. ఆ తరువాత శతాబ్దాల పాటు అది తాత్విక చర్చగానే సాగింది. 1738లో డేనియల్ బెర్నూలీ వాయు పీడనాన్ని కణాల తాకిడిగా వివరించినా ఆనాడు పట్టించుకున్నవారు తక్కువ.

అసలు కథ 19వ శతాబ్దిది. 1827లో రాబర్ట్ బ్రౌన్ నీటిలో పుప్పొడి నుంచి వెలువడిన రేణువులు ఆగకుండా కదలడం గమనించాడు. 1857లో క్లాసియస్, 1860లో మాక్స్‌వెల్ వాయుకణాల వేగాలను గణితంలోకి తెచ్చారు. 1869లో థామస్ ఆండ్రూస్, 31 డిగ్రీలు దాటిన బొగ్గుపులుసు వాయువును ఎంత నొక్కినా ద్రవం కాదని చూపాడు. 1873లో వాన్ డర్ వాల్స్ కణాల పరిమాణాన్ని, ఆకర్షణను లెక్కలో చేర్చి దాన్ని వివరించాడు. అయినా అణువులు నిజంగా ఉన్నాయా అన్న వాదం తెగలేదు. అణువాదాన్ని జీవితమంతా సమర్థించిన బోల్ట్‌జ్‌మన్ 1906లో కన్నుమూశాడు.

వాదాన్ని తేల్చింది జాఁ పెరాఁ చేసిన అద్భుతమైన ప్రయోగం. 1905లో ఐన్‌స్టీన్, నీటి అణువుల తాకిడే కారణమంటూ, బ్రౌన్ చలనానికి సూత్రం ఇచ్చాడు. 1908లో పెరాఁ ఒక చెట్టు జిగురును సమాన పరిమాణం గల నలుసులుగా చేసి, నీటిలో కలిపి, సూక్ష్మదర్శిని కింద పొర పొరగా లెక్కపెట్టాడు. పైకి పోయేకొద్దీ ప్రతి 30 మైక్రాన్లకు నలుసుల సంఖ్య దాదాపు సగమైంది. కొండ ఎక్కేకొద్దీ గాలి పలచబడేదీ ఇదే నియమంతో, కాకపోతే అక్కడ సగం కావడానికి ఐదారు కిలోమీటర్లు కావాలి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పీఠభూమి ఊళ్లు కనుక అక్కడ గాలి పీడనం తగ్గి, నీరు 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. 1,200 మీటర్లకు పైనున్న హార్స్‌లీ కొండ మీద 96 దగ్గర మరిగి, కుక్కర్ లేకపోతే కందిపప్పు ఉడకడం ఆలస్యమవుతుంది. పెరాఁకు 1926లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇతర స్థితులు: 1888లో రైనిట్జర్ గుర్తించిన ద్రవస్ఫటికాలు, 1928లో లాంగ్‌మ్యూర్ పేరు పెట్టిన ప్లాస్మా, బోస్, ఐన్‌స్టీన్ ఊహించగా 1995లో ప్రయోగశాలలో సిద్ధించిన బోస్–ఐన్‌స్టీన్ కండెన్సేట్. 1977లో బెంగళూరులో ఎస్. చంద్రశేఖర్ బృందం పళ్లెం ఆకారపు అణువుల ద్రవస్ఫటికాలను కనుగొంది.

తెలుగువారిలో స్ఫటికాల సౌష్ఠవంపైనా, కాంతి పరిక్షేపణపైనా సూరి భగవంతం (1909–1989) కృషి విశిష్టమైనది. పాఠశాల స్థాయిలో, 1999లో రాంజీ రాఘవన్ ప్రారంభించిన అగస్త్య ఫౌండేషన్ కుప్పం సమీపంలో ప్రాంగణం నెలకొల్పి, ప్రయోగ సామగ్రిని వాహనాల్లో పల్లె బడులకు చేరుస్తోంది. అక్కడ పిల్లలు ప్రయోగాలు తామే చేసి చూస్తారు.