తువ్వాలు కింద ధర

మా నాయన కారు ధర నోటితో చెప్పగా నేను విన్నది చాలా తక్కువ. కొనే మనిషి కుడిచెయ్యి పట్టుకుని, పైన తువ్వాలు కప్పి, లోపల వేళ్లు నొక్కేవాడు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, అయిదూ కలిపి పట్టుకుంటే అయిదు. వేలా, పదివేలా అన్నది మాటల్లో ముందే తేలిపోయి ఉండేది. చుట్టూ పదిమంది నిలబడినా ధర ఆ ఇద్దరికే తెలిసేది. ఈ విద్య ఆయనకు పొయిగై సంతలో అబ్బింది. రాయవేలూరు నుంచి బెంగుళూరు పోయే దారిలో ప్రతి మంగళవారం జరిగే పశువుల సంత అది. అక్కడ ఆయన ఎద్దుల దళారి. పళ్లు చూసి ఎద్దు వయసు చెప్పిన మనిషి, ఆ తర్వాత ముప్పై ఏళ్లు గుడియాత్తంలో బానెట్లు ఎత్తి బండ్ల వయసు చెప్పాడు.

ఆయన కార్లలోకి దిగిన రోజుల్లో కొత్త కారు దొరకడమే గగనం. దేశంలో దొరికే కార్లు మూడే: కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారయ్యే అంబాసిడర్, బొంబాయి కుర్లాలో ఫియట్, మన మద్రాసులోనే స్టాండర్డ్ హెరాల్డ్. 1959లో కేంద్రం కార్ల పంపిణీ మీద నియంత్రణ తెచ్చింది. డబ్బు కట్టి పేరు రాయించుకున్నవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లు. ముఖ్యంగా ఫియట్‌కి. కోటాలో వచ్చిన బండిని కొంతకాలం దాకా మళ్లీ అమ్మకూడదన్న షరతు కూడా ఉండేది. అందుకే ఏడాది రెండేళ్లు తిరిగిన ఫియట్ షోరూం ధర కంటే ఎక్కువ పలికేది. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. కానీ ఆ ఎక్కువ సొమ్ము ఇనుముకు కాదు, వరసలో నిలబడకుండా తప్పించుకున్న ఆ ఏళ్లకు.

ఎవరి బండి అన్నదానికీ విలువ ఉండేది. ఆంబూరు, వాణియంబాడి తోలు వ్యాపారుల కార్లంటే మా నాయన కళ్లు మూసుకుని కొనేవాడు. ఒకే యజమాని, ఒకే డ్రైవరు, వేళకు ఆయిలు మార్పు. రాయవేలూరు సి.ఎం.సి. ఆసుపత్రి ముందు టాక్సీగా తిరిగిన అంబాసిడర్ అయితే రెండుసార్లు చూసేవాడు. ఎక్కడెక్కడి నుంచో వచ్చే రోగులను కాట్పాడి జంక్షనుకూ ఆసుపత్రికీ రాత్రింబవళ్లు మోసిన బండ్లు అవి. పాత మీటర్లలో ఐదు అంకెలే. 99,999 దాటితే మళ్లీ సున్నా. నలభై వేలు చూపించే మీటరు నిజంగా నలభయ్యో, లక్షా నలభయ్యో పెడల్ రబ్బరు చెప్పాలి. క్లచ్ పెడల్ రబ్బరు మీద గీతలు అరిగి నున్నగా ఉంటే మీటరును ఆయన మళ్లీ చూసేవాడు కాదు. ఇంజిను నడుస్తుండగా ఆయిలు మూత తీసి అరచెయ్యి పెట్టేవాడు. పొగ చేతికి తోస్తే లోపల రింగులు పోయినట్టు. గుడ్డ చుట్టిన అయస్కాంతం తలుపుల కింద జరిపేవాడు. అది అంటుకోని చోట పెయింటు కింద రేకు లేదు, పుట్టీ ఉంది.

కొనేవాళ్ల ప్రశ్నలు మాత్రం యాభై ఏళ్లుగా అవే. ఎంత ఇస్తుంది? ఎన్నో చెయ్యి? ఎఫ్.సి. (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఎప్పటిదాకా? హెచ్.పి. అప్పు ఉందా? 1489 సీసీ అంబాసిడర్ లీటరుకు తొమ్మిదో పదో, 1089 సీసీ ఫియట్ ఇంకో రెండు ఎక్కువ. అంతకు మించి ఎవరు చెప్పినా నమ్మొద్దనేవాడు మా నాయన. 1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 తాళం చెయ్యి ఇందిరా గాంధీ అందించాక ఆ లెక్క మారింది. 796 సీసీ, మూడు సిలిండర్లు, ధర 47,500. మొదట్లో దానికీ పాత కథే, అలాట్‌మెంటు కాగితాన్నే జనం ఎక్కువ సొమ్ముకు అమ్ముకున్నారు. తర్వాత అది మా ఊరి సందుల్లోకి కూడా వచ్చింది. సెకండ్‌హ్యాండ్ కారు అన్నది బీడీ, లుంగీ వ్యాపారాల్లో చిన్న మనుషులకూ అందింది దానివల్లనే అని నా నమ్మకం. 1998లో శ్రీపెరుంబుదూరు దగ్గర శాంట్రో తయారీ మొదలయ్యాక మా రోడ్డు మీద కొత్త కార్లకు కరువే లేదు.

కరువు పోయాక ధర దేని మీద నిలబడింది? కాగితం మీద. అందులోనూ మా ఊళ్లలో.

1911 దాకా చిత్తూరు కూడా మా ఉత్తర ఆర్కాటు జిల్లాలోదే. ఆ ఏడాది అది వేరే జిల్లా అయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక చిత్తూరు పోయే దారిలో పరదరామి దగ్గర రాష్ట్రాల గీత పడింది. మాకు గీతకు అటూ ఇటూ చుట్టాలే, మాట తెలుగే, సంతలు ఒకటే. ఎద్దు గీత దాటితే అడిగేవాడు లేడు. కారు అలా కాదు. ఏ.పి. 03 నంబరు బండిని ఇటు తెచ్చి పెట్టుకోవాలంటే చిత్తూరు నుంచి ఫారం 28 మీద ఎన్.ఓ.సి. తేవాలి, ఇక్కడ మళ్లీ టాక్సు కట్టాలి, టి.ఎన్. 23 నంబరు వేయించుకోవాలి. ఒకే ఏడాది, ఒకే రంగు, ఒకే కండిషన్ స్విఫ్టులు రెండు పక్కపక్కన నిలబెడితే చిత్తూరు నంబరుది తక్కువకు పోతుంది. మధ్య తేడా అంతా కాగితానిదే.

ఆ కాగితం మా ఇంటికి ఒక దెబ్బ కొట్టింది. 1993లో ఒక బడి అయ్యవారి ఫియట్ పలమనేరు వైపు మనిషికి అమ్మించాం. పేరు మార్చే ఫారం 29, 30 మీద అయ్యవారి సంతకాలు తీసుకుని, కొనేవాడి పేరు ఖాళీగా వదిలి, తాళం ఇచ్చి పంపాం. అప్పట్లో అందరూ చేసేదే. బండి ఇంకో మూడు చేతులు మారింది, పేరు మారలేదు. మూడేళ్లకు అయ్యవారి ఇంటికి కోర్టు సమన్లు వచ్చాయి. ఆ ఫియట్ ఒక సైకిలు మనిషిని గుద్దింది, ఇన్సూరెన్సు లేదు, రికార్డులో యజమాని అయ్యవారే. ప్రతి వాయిదాకూ మా నాయన ఆయన వెంట బస్సెక్కి పోయాడు. చివర కట్టాల్సిన సొమ్ములో సగం మా ఇంటి నుంచే పోయింది. ఆ తర్వాత పేరు మారందే తాళం ఇవ్వలేదు ఆయన. దాంతో కొన్ని బేరాలు పోయాయి కూడా. ఆయన చేసింది సరైన పని.

2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అచ్చం ఇలాంటి కేసులోనే తీర్పు చెప్పింది. బండి ఎన్ని చేతులు మారినా, రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే చట్టం దృష్టిలో వాళ్లే యజమాని. ఆ వార్త తెలిసిన రోజు నాకు అయ్యవారి ముఖం గుర్తొచ్చింది. మధ్యలో నిలబడే మాబోటి కన్సల్టింగ్ వాళ్లకు చట్టంలో ఒక చోటు దొరకడానికి ఇంకో ఐదేళ్లు పట్టింది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆర్.టి.ఓ. దగ్గర అనుమతి తీసుకున్న డీలరు, తన దగ్గరికి వచ్చిన బండిని రికార్డు చేయించి, అది అమ్ముడయ్యేదాకా బాధ్యత తానే మోయొచ్చు. ఇది ముప్పై ఏళ్ల ముందే రావాల్సిన నియమం.

మా నాయన నోటుపుస్తకాలు పదకొండు నా దగ్గర ఉన్నాయి. ప్రతి పేజీలో ఒక చాసిస్ ప్రింట్. చాసిస్ మీద కొట్టిన అంకెల మీద పలచటి కాగితం పెట్టి, పెన్సిలు ముల్లు పక్కకు వాల్చి రుద్దుతాం. నల్లటి పొరలోంచి అంకెలు తెల్లగా పైకి లేస్తాయి. ఎవరైనా 3ని 8 చేసి ఉంటే కంటికి కనపడకపోయినా ప్రింట్‌లో ఆ అంకె మాత్రం వంకరగా వస్తుంది.

పోయిన నెల తిరుపత్తూరు నుంచి ఒకాయన మార్క్ 3 అంబాసిడర్ తెచ్చాడు. రిజిస్ట్రేషన్ మరో ఐదేళ్లు పొడిగించుకోవాలి. 600గా ఉన్న ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో 5,000 అయింది, ఆ తర్వాత ఇంకా పెరిగింది. అయినా బండిని వదలనన్నాడు, వాళ్ల తాత కొన్నదట. నేను కింద పడుకుని ప్రింట్ తీసి, అనుమానం కొద్దీ పాత పుస్తకాలు తిరగేశాను. ఏడో పుస్తకంలో దొరికింది. అంకె అంకె పక్కన పెట్టి చూశాం, సరిపోయింది. కింద వాళ్ల తాత సంతకం, తేదీ, పేరు మారిన రోజు.

తాత ఎంతకు కొన్నాడని అతను అడిగాడు. పేజీ రెండువైపులా చూశాను. ధర రాయలేదు.