పరదా ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ

సికింద్రాబాద్‌లో 1886లో స్టూడియో పెట్టిన లాలా దీన్‌దయాళ్ పేరు చెబితే ఆరవ నిజాం వేటలూ, విందులూ, వైస్రాయ్‌ల పర్యటనలూ గుర్తొస్తాయి. నాకు మాత్రం 1892లో ఆయన హైదరాబాద్‌లో తెరిచిన జెనానా స్టూడియో ముఖ్యం. ఎత్తైన గోడల మధ్య, ఘోషా స్త్రీల కోసం నడిచిన ఆ స్టూడియో బాధ్యత శ్రీమతి కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళది. ఆ రోజుల్లో కెమెరా ఒక స్త్రీ చేతికి రావడం చిన్న విషయమేమీ కాదు.

అయితే పరాయి మగవాడి చూపు నుంచి ఆ రక్షణ దక్కింది ఎవరికి? కలిగిన ఇళ్ళ ఆడవాళ్ళకి. రెక్కల కష్టం మీద బతికే ఆడవాళ్ళకి పరదా లేదు గనక, వాళ్ళని అడగాలని కూడా ఎవరికీ తోచలేదు. 1868-75 మధ్య ప్రభుత్వం వేసిన ‘ద పీపుల్ ఆఫ్ ఇండియా’ 8 సంపుటాల్లో అలాంటివాళ్ళు ఎందరో కులాల, తెగల నమూనాలుగా మిగిలారు. 1888లో కోడాక్ వచ్చి, తోచినప్పుడు తోచింది తీసుకునే సరదాని మొదలుపెట్టింది. ఆ అడగకపోవడం మాత్రం మారలేదు.

సరదాకి ఫొటోలు తీసే నాకూ ఇది తప్పని ప్రశ్నే. మోండా మార్కెట్‌లో కూరలమ్మే ఒకామెని అడిగే తీశాను. చూసి, తీసెయ్యమంది. తీసేశాను. కొంగు సర్దుకుని, తక్కెడ చేతిలోకి తీసుకుని, “ఇప్పుడు తియ్యి” అంది.