విద్యార్థి వసతిగృహముల పూర్వవృత్తాంతము

మన సంఘముయొక్క వార్షిక మహాసభలు ఈ సంవత్సరము హైదరాబాదు నగరమున జూబిలీహిల్సు ప్రాంతమందు జరుగుచున్నవి. ప్రతినిధులలో పెక్కురు పల్లెలనుండి వచ్చువారు. ఈ కొండలమీది సౌధములును, ఫిలింనగరపు వీథులును వారికి వింతగొలుపుట సహజము. మేము చిన్నతనమున చూచినపుడు ఇచ్చట బండరాళ్లును తుప్పలునే మెండుగా నుండెడివి. తెనుగు చలనచిత్ర పరిశ్రమ చెన్నపట్టణమునుండి క్రమక్రమముగా తరలివచ్చిన పిమ్మట ఈ చోటికి నేటి రూపము కలిగినది. ఇచ్చటికి చేరువనే బంజారాహిల్సునందు 1976లో అన్నపూర్ణా స్టూడియో వెలసెను. దానిని నెలకొల్పిన అక్కినేని నాగేశ్వరరావుగారు కృష్ణాజిల్లాలో గుడివాడకు చేరువ పల్లెలో సేద్యగాండ్ర యింట జన్మించిరి. ఇంటి లేమిచే వారి బడిచదువు ప్రాథమికదశను దాటలేదు. ఆయనయే 1959లో గుడివాడ కళాశాలకు లక్షరూపాయలు విరాళ మొసంగిరి. ఆనాటి లక్ష యెంతటిదో పెద్దలెఱుగుదురు. కళాశాల వారి పేరు ధరించి నేటికిని నడచుచున్నది. చలనచిత్రములగూర్చి మాకు తెలిసినది స్వల్పము గాని, తాను చదువలేకపోయిన చదువునకు ధనమిచ్చిన యీ మనుష్యుని మేము పలుమారు తలచుకొందుము.

సంచికకొఱకు చరిత్రవిషయకమగు వ్యాసమొకటి వ్రాయుమని కార్యదర్శిగారు కోరిరి. సంఘము కొన్న స్థలమున కల్యాణమండపము కట్టవలయునా, విద్యార్థి వసతిగృహము కట్టవలయునా యను చర్చ సభయెదుట నున్నది. అందు మా యభిప్రాయమును దాచము. అయినను ముందుగా వృత్తాంతమును విన్నవింతుము.

పూర్వము పల్లెబాలుడు పట్టణమున చదువవలయునన్న వారములు చెప్పుకొనుట యొక్కటియే మార్గము. ఏడు దినములకు ఏడు గృహములు. సోమవారము ప్లీడరుగారి యింట, మంగళవారము తహశ్శీలుదారుగారి యింట, ఇట్లు వరుస. ఒక యింట పురుడో మైలయో వచ్చిన ఆ దినము పస్తు. మాకు వ్యాకరణము చెప్పిన గురువుగారికి బుధవారపు టిల్లు చిరకాలము దొరకలేదట. బుధవారమునాడు వల్లించిన సూత్రములే తమకు గట్టిగా నిలిచినవని వారు నవ్వుచు చెప్పెడివారు. టంగుటూరి ప్రకాశముపంతులుగారి తల్లి ఒంగోలున పూటకూళ్ల యిల్లు నడపి కుమారుని చదివించుట లోకవిదితము. తైత్తిరీయమున భృగువు తొలుత అన్నమునే బ్రహ్మమని తెలిసికొనెను. పిమ్మట నెంత పైకి పోయినను మొదటి మెట్టు అదియే గదా.

వారముల యాచారమును మేము నిందింపము. ఎందఱో పండితులు దానిమూలముననే పండితులైరి. కాని యది కొన్ని కులముల బాలురకు మాత్రమే తెఱచిన తలుపు. సాలెల బాలుడు, కల్లుగీచువాని కుమారుడు, గొఱ్ఱెలకాపరి కుమారుడు ఏ యింటి వాకిట నిలుచును? అస్పృశ్యులని త్రోసివేయబడినవారి బిడ్డలమాట చెప్పనేల? బడి యున్నను పట్టణమున తల దాచుకొను చోటు లేమిచేతనే ఎన్నియో తరములు చదువుకు దూరమయ్యెను.

నిజాము రాజ్యమున ఈ యిక్కట్టు ఇంకను తీవ్రము. జిల్లాలలో ఉన్నతపాఠశాలలు మిక్కిలి తక్కువ. కళాశాలాచదువునకు రాజధానికి రాక తప్పదు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాష ఉర్దూ. ఇంట తెనుగు, బడిలో ఉర్దూ, ఊరు క్రొత్త, చేతిలో పైకము శూన్యము. అట్టి బాలుని స్థితి నూహించునది. ఆ 1918లోనే నగరమున రెడ్డి వసతిగృహము స్థాపితమయ్యెను. దీనికి మూలపురుషులు రాజా బహద్దరు వేంకటరామారెడ్డిగారు. వారు 1869లో జన్మించి, పోలీసుశాఖలో చిన్నయుద్యోగమున ప్రవేశించి, 1920లో నగర కొత్వాలులైరి. అంతటి యధికారి యయ్యును ఒక విద్యార్థిశాలకై చందాలు సమకూర్చుటను చిన్నతనముగా నెంచకుండుట మాకు గొప్పగా తోచును.

కట్టడము కట్టుట సులభము. నడపుట కష్టము. శంకుస్థాపననాడు దాతల పేర్లు శిలపై చెక్కబడును. జ్యేష్ఠమాసమున బియ్యపు బస్తా అడుగంటిననాడు అంగడివానితో మాటాడి అరువు తెచ్చువాని పేరు ఎచ్చటను చెక్కబడదు. జ్వరము తగిలిన బాలునికడ రాత్రి మేలుకొనువాడు, పరీక్షరుసుము కట్టలేనివానికొఱకు పదియిండ్లు తిరుగువాడు, ఇంటిపై బెంగతో మూట కట్టుకొన్నవానిని బస్సుకడనుండి వెనుకకు తోడి తెచ్చువాడు, వీరే వసతిగృహమనునది. రెడ్డి వసతిగృహమునకు అట్టి కార్యకర్త సురవరము ప్రతాపరెడ్డిగారు. వారు 1924 ప్రాంతమున దాని నిర్వహణమున చేరి, అచ్చటి గ్రంథాలయమును విశేషముగా పెంచిరి. 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. తెలంగాణమున కవులే లేరను మాటకు బదులుగా 1934లో మూడువందల యేబదికి పైబడిన కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. ఒక విద్యార్థిశాల లెక్కలు వ్రాసిన చేతినుండియే ఇదియంతయు వచ్చినది.

ఆ దారినే వైశ్యులు, మున్నూరుకాపులు, గౌడులు, పద్మశాలీలు మొదలగువారును తమతమ వసతిగృహములను నెలకొల్పుకొనిరి. బాలికలకొఱకు 1928లో మాడపాటి హనుమంతరావుగారు మున్నగువారు తెనుగు మాధ్యమముగల పాఠశాల నారంభించిరి. నారాయణగూడలోని ఆ పాఠశాల వేలకొలది కుటుంబములలో చదువుకొన్న తల్లులను నిలిపినది.

ప్రభుత్వము ఈ స్వచ్ఛందకృషికి తోడ్పడెనా? 1924లో వెలువడిన నిబంధనలచే, అనుమతి లేక ఎవ్వరును ఖానగీ పాఠశాల పెట్టరాదయ్యెను. అంతకుముందు పల్లెలలో వీథిబడులు వేలసంఖ్యలో నుండెడివి. కొలది సంవత్సరములలో వానిలో చాలభాగము మూతవడెను. అరుగుమీద ఇసుకలో అక్షరములు దిద్దించు పంతులు అధికారిముందు దరఖాస్తు పట్టుకొని నిలువవలసివచ్చిన పిమ్మట వేఱేమి జరుగును? ఆంధ్రమహాసభ ఈ నిబంధనలను రద్దుచేయుడని కోరుచునే యుండెను.

ఇచ్చట మన కులసంఘములవారు తఱచు మఱచు నొక పేరును చెప్పవలయును. భాగ్యరెడ్డివర్మగారు 1888లో హైదరాబాదున జన్మించిరి. 1906లో జగన్మిత్రమండలిని, 1911లో మాన్యసంఘమును స్థాపించిరి. 1910 మొదలుకొని తమవారి బిడ్డలకొఱకు నగరమున తెనుగు పాఠశాలలను తెఱచిరి. అవి క్రమముగా ఇరువదికి పైబడెను, విద్యార్థులు రెండువేలకు మించిరి. పిమ్మట ప్రభుత్వము వానిని తన యధీనమునకు తీసికొనెను. గమనింపుడు. ఈయన వెనుక సంస్థానాధీశులు లేరు. గ్రామమున వందయెకరముల మాగాణిగల బంధువులు లేరు. ధనవంతులుగల కులమునకు ధనవంతుడు ఇల్లు కట్టెను. ధనవంతుడు లేని కులమునకు ఒక మనుష్యుడు తన యాయువునే పెట్టవలసివచ్చెను. వసతిగృహోద్యమపు గొప్పతనమును, దాని కొఱతయు ఈ రెండు మాటలలోనే యున్నవని మా నిశ్చయము.

ఈ కొఱతను మేము కన్నులార చూచితిమి. ముప్పదియేండ్లకు పూర్వము మేము ఒక తాలూకా పట్టణమున పనిచేయుచుండగా, పదవతరగతిలో మొదటివాడుగా నెగ్గిన బాలుని వెంటబెట్టుకొని ఒక కులవసతిగృహమునకు పోతిమి. గదులు ఖాళీగానే యుండెను. దరఖాస్తుపత్రములో కులపు గడిని చూచి, అచ్చటివారు మర్యాదగానే, కుర్చీ వేసి, మజ్జిగ యిచ్చి, వీలుకాదనిరి. ఆ సంస్థ పేరు చెప్పము. బాలుడు మా బడి వరండాలో నాలుగుమాసములు పండుకొనెను. వానకాలము రాగానే ఊరికి పోయెను. మఱల రాలేదు. మేము మా యింటనే యేల పెట్టుకొనలేదని పాఠకులడుగుదురు. మేమును ఆ ప్రశ్నను వేసికొనుచునే యున్నాము.

పిమ్మటి కాలమున ప్రభుత్వమే వసతిగృహములను, గురుకులములను విరివిగా పెట్టెను. 1971లో పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా నున్నపుడు నల్లగొండ జిల్లా సర్వేలున తొలి గురుకుల పాఠశాల యేర్పడినది. ఇక స్వచ్ఛందసేవకు పని లేదని కొందఱు తలచిరి. అది పొరపాటని చూపినవారు ఈ జూబిలీహిల్సుకు పడమటనే కలరు. 1981లో ఆచార్య మామిడిపూడి వేంకటరంగయ్యగారి పేర నేర్పడిన సంస్థ 1991 ప్రాంతమున శంకరుపల్లి పల్లెలలో పనికి దిగెను. ఆచార్య శాంతా సిన్హాగారి నాయకత్వమున ఊరి యువకులే కార్యకర్తలై, పసులకాపరులుగాను, పత్తివిత్తుల చేలలో కూలీలుగాను ఉన్న బాలబాలికలను విడిపించి, కొన్నిమాసములు శిబిరములందుంచి, వారి వయస్సునకు తగిన తరగతికి సిద్ధపఱచి బడిలో చేర్చిరి. పదియేండ్ల పిల్లను ఒకటవ తరగతిలో ఆఱేండ్ల పిల్లలతో కూర్చుండబెట్టిన, సిగ్గుచే రెండునాళ్లలో మానివేయును. ఈ చిన్న సంగతిని కనిపెట్టి దానికి ఉపాయము చేయుటయే వారి ఘనత. శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే పురస్కారము లభించెను. ఆ శిబిరములలోను మొదటి యక్కఱ వంటయిల్లే, చాపయే. దరఖాస్తులో కులపు గడినిబట్టి త్రిప్పిపంపుట మాత్రము లేదు.

ఇక మన స్థలము. కల్యాణమండపమువలన అద్దె వచ్చునని, ఆ యద్దెతో విద్యార్థులకు వేతనము లీయవచ్చునని కొందఱు మిత్రుల వాదము. అది తోసివేయదగినది కాదు. కాని వేతనము తీసికొన్న బాలుడు రాత్రి ఎచ్చట పండుకొనును? ఈ నగరమున ఒక గది యద్దె ఎంతయో ఫిలింనగరమున నివసించు మన దాతలకు మాకంటె బాగుగా తెలియును.

కార్యదర్శిగారు కట్టడపు పటమును మాకు చూపిరి. అందు ఐదువందలమందికి చాలు వంటశాల కలదు, క్రింద వాహనములు నిలుపు చోటు కలదు. వంటశాలకు ఆనుకొని సామానులు పెట్టుకొనుటకని విడిచిన భాగమును మేము కొలిచి చూచితిమి. నలువది మంచములు పట్టును. రెండవనాటి మధ్యాహ్నము ఈ తీర్మానము చర్చకు వచ్చును. దానికి రెండు సవరణలను మేము వ్రాసి యిచ్చియున్నాము. మొదటిది ఆ భాగమును విద్యార్థులకు విడువవలయునని. రెండవది ప్రవేశపత్రమున ఊరు, తరగతి, తలిదండ్రుల వృత్తి అడుగవలయునేగాని, కులపు గడి ఉండరాదని. రెండవదానిని బలపఱచువా రింకను దొరకలేదు.