అభిమానం: ‘నాది’ అనుకోవడం

సాంఖ్య దర్శనంలో అభిమానమంటే అహంకారమే: ‘నేను, నాది’ అనుకోవడం. తెలుగులో అది ఆత్మాభిమానంలో గర్వంగా నిలిచి, ‘మీ అభిమానానికి కృతజ్ఞతలు’ అన్నప్పుడు ప్రేమైంది. ఆ గర్వం, ప్రేమ రెండూ సినిమా హాల్లో కలుస్తాయి. 2022 మార్చి 24 సాయంత్రం, తేదీ లెక్కన ఇండియా కంటే ఒకరోజు ముందే, అమెరికాలో ‘ఆర్ఆర్ఆర్’ ప్రీమియర్లు పడ్డాయి. దోమ అనే ఊరి నుంచో తాండూరు నుంచో ఎమ్మెస్‌కు వెళ్లిన కుర్రాడు అలాంటి ఆటలో తెర ముందు కాగితం ముక్కలు ఎగరేస్తే, అది హీరో మీద మోజు ఒక్కటే కాదు. రోజంతా ఇంగ్లీషులో గడిపినవాడికి హాలంతా తన భాష మోగడం ఎంత గర్వం!

‘అభిమాని’ అనేది ‘ఫ్యాన్’కు అనువాదమేగా అనొచ్చు. కానీ దేశాభిమానం, భాషాభిమానం సినిమా అభిమాన సంఘాలకంటే పాతవి. మరి హీరోల పేరిట కొట్లాటల మాటేమిటి? వాటికి తెలుగు వేరే మాటే ఉంచుకుంది: దురభిమానం.