నేరస్థుడెవరు? తుపాకి ఎవరిది?

నేరం చేసి శిక్షపడ్డవాడు తుపాకి పట్టరాదన్న సూత్రం నేడు మనకు సహజంగా తోస్తుంది. కాని మన దేశంలో ఇది ఆలస్యంగా వచ్చిన సూత్రం. అంతకుముందు ఆయుధం ఎవరికి దక్కాలో నేరం నిర్ణయించలేదు, పుట్టుక నిర్ణయించింది.

1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ పాలకులు ప్రజలను నిరాయుధులను చేయ పూనుకొన్నారు. లిట్టన్ వైస్రాయిగా ఉండగా 1878లో ఆయుధ చట్టం వచ్చింది. దేశభాషా పత్రికల నోరు నొక్కిన చట్టం వచ్చిందీ ఆ ఏడే. ఆయుధానికి లైసెన్సు కావాలన్నారు; యూరోపియన్లకు మినహాయింపు ఇచ్చారు. ఏ నేరమూ ఎరుగని రైతు నిరాయుధుడు, దొర సాయుధుడు!

అంతకు ఏడేళ్ల ముందే, 1871లో, నేరస్థ జాతుల చట్టం పుట్టింది. తెలుగు చెప్పుకొనేవాణ్ణి కనుక నేను మాట దగ్గర ఆగుతాను. నేరస్థుడంటే నేరం చేసినవాడు. పనిని బట్టి వచ్చిన పేరది. ఈ చట్టం దానిని కులనామం చేసింది. మద్రాసు రాజధానికి కూడా దానిని విస్తరించాక, బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటులో ఎరుకలవారిని ఉంచారు. అక్కడ పుట్టిన బిడ్డను అనుమానించడానికి ఏ కోర్టు తీర్పూ అక్కరలేకపోయింది. దేశమంతటా ఆ చట్టం పోవడానికి 1952 దాకా పట్టింది.

1931 కరాచీ కాంగ్రెసు తీర్మానం నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కును ప్రాథమిక హక్కులలో చేర్చింది. 1948 డిసెంబరులో రాజ్యాంగసభలో హెచ్.వి. కామత్ దానినే కోరగా అంబేద్కర్ వ్యతిరేకించారు, సవరణ వీగిపోయింది. ఆ తర్వాత వచ్చిన 1959 ఆయుధ చట్టం 1962 అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. దాని 9వ సెక్షను ప్రకారం, హింసతోగాని నైతిక పతనంతోగాని కూడిన నేరానికి జైలుశిక్ష పడినవాడు, శిక్ష ముగిశాక ఐదేళ్ల దాకా తుపాకి ఉంచుకోరాదు. మొదట కనీసం ఆరు నెలల శిక్ష పడితేనే ఈ నిషేధం. 1983 సవరణతో ఎంత శిక్షయినా చాలునన్నారు.

ఇది ముందడుగే. పుట్టుక పోయి తీర్పు వచ్చింది. తీర్పుకు సాక్ష్యం కావాలి, దానిపై అప్పీలు ఉంది, నిషేధానికి గడువు ఉంది. మనిషి మారగలడని చట్టం ఒప్పుకొన్నది.

కాని అదే సెక్షనులో మరో వాక్యం ఉంది. శాంతికోసమో సత్ప్రవర్తనకోసమో పూచీకత్తు రాసిచ్చినవాడికి, ఆ గడువు తీరేదాకా ఇదే నిషేధం. దీనినే జనం బైండోవర్ అంటారు. దీనికి నేరం రుజువు కానక్కరలేదు. పూచీకత్తు అవసరమని అధికారి విచారణలో తేలితే చాలు. పాత కేసుల దొంగా, సమ్మెకు దిగిన కూలీ ఇక్కడ ఒకే వరుసలో నిలబడే ప్రమాదముంది. వెనుకటి దొరతనపు నీడ పూర్తిగా తొలగలేదని నా అభిప్రాయం.

ఇంటింటికీ తుపాకి ఇమ్మని నేను కోరడం లేదు. హింసకు పాల్పడ్డవాడి చేతిలో అది ఉండకపోవడమే బలహీనులకు రక్షణ. అయితే ఫలానావాడు ప్రమాదకారి అని తేల్చిందెవరు, ఏ సాక్ష్యంతో, ఎంతకాలానికి? ఏ చట్టాన్ని చదివినా మనం మొదట అడగవలసిన ప్రశ్నలివి.